రంగు కాంక్రీట్ మెరుపు వెనుక నీటి లెక్క

ఇంటి ముందు, రాతి పలకలు పరిచినట్టు అచ్చులు అద్ది వేసిన కాంక్రీట్ నేల. వేసి నాలుగు చలికాలాలు గడిచాయి. చూరు నీరు పడే వరసలో, జానెడు వెడల్పున, పైపొర పెచ్చులు పెచ్చులుగా లేచి కంకర పళ్లికిలిస్తోంది. అక్కడికి రెండు బారల దూరంలో అదే నేల నిన్న వేసినట్టుంది. రెండూ ఒకే రోజు, ఒకే లారీలోంచి పోసినవే. తాపీ పట్టిన చేయీ ఒకటే. మంచు రెండింటి మీదా పడింది, ఎండ రెండింటి మీదా కాసింది. ఒక చోట నీరు నిలిచింది, ఇంకో చోట నిలవలేదు. అంతే తేడా.

అలంకార కాంక్రీట్ వేయించుకున్నవాళ్లు సాధారణంగా సీలర్ గురించి, అంటే పైన పూసే రక్షణ పూత గురించి అడుగుతారు. ఏది పూస్తే మెరుపు తగ్గదు, ఎన్నేళ్లకోసారి పూయాలి అని. నీరు ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది అని అడిగేవాళ్లు తక్కువ. నా లెక్కలో మొదటి ప్రశ్నకు జవాబు రెండో ప్రశ్నలోనే ఉంది. గడ్డకట్టే చలి, ఉప్పు గాలి, ఉప్పు నేల, ఇవేవీ పొడి కాంక్రీట్‌ను పెద్దగా ఏమీ చేయలేవు. వాటికి నీరు పనిముట్టుగా కావాలి. మెరుపు కోసం పొర మీద పొర పూసుకుంటూ పోతే ఒక్కోసారి ఆ నీటిని లోపల పెట్టి గడియ వేసినట్టే అవుతుంది.

గట్టిగా కనిపించే స్పంజి

సిమెంటు ఆరిపోయి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది నీటితో చర్య జరిపి గట్టిపడుతుంది. ఆ చర్యకు రసాయనికంగా కావలసిన నీరు సిమెంటు బరువులో పావు వంతుకు దగ్గరగా ఉంటుంది. కానీ అంత తక్కువ నీటితో కలిపిన మిశ్రమం పారకే లొంగదు, అచ్చుకు అసలే లొంగదు. అందుకని ఎక్కువ పోస్తారు. మిగిలిన నీరు ఆవిరై పోతూ తాను నడిచిన దారులను వదిలిపెడుతుంది. కంటికి కనిపించని ఆ సన్నని గొట్టాల గుండానే తర్వాత వాన నీరు, మంచు కరిగిన నీరు, ఉప్పు నీరు లోపలికి ఎక్కుతాయి. తడుస్తూ గడ్డకట్టే చోట నీటి బరువు సిమెంటు బరువులో 0.45 వంతు దాటకూడదని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ నియమావళి చెప్పేది ఈ గొట్టాల సంఖ్య తగ్గించడానికే.

అలంకార కాంక్రీట్‌లో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అచ్చు అద్దాలంటే పైపొర మెత్తగా ఉండాలి. పని సగంలో ఉండగా ఎండకో గాలికో పైన ఆరిపోతుంది. అప్పుడు చేతికందిన డబ్బాతో నాలుగు నీళ్లు చిలకరించి తాపీతో రుద్దడం చాలాచోట్ల కనిపించే అలవాటు. పని సులువవుతుంది. కానీ ఆ నీళ్లన్నీ పైన ఉన్న రెండు మూడు మిల్లీమీటర్లలోనే కలుస్తాయి. మిశ్రమం మొత్తంలో నిష్పత్తి 0.45 ఉన్నా ఆ పొరలో అంతకంటే చాలా ఎక్కువ. పోసిన కాంక్రీట్‌లోంచి దానంతట అదే పైకి తేలిన నీరు ఇంకా మెరుస్తుండగా తాపీ ఆడించినా ఇదే ఫలితం. సిమెంటు పాలు పైకి తేలి, చూడటానికి నున్నగా, గోటితో గీస్తే పొడి రాలేంత బలహీనంగా పైపొర తయారవుతుంది. రంగు, రాతి గీతలు, నీడలు, డబ్బు పెట్టి కొనుక్కున్న అందమంతా ఉండేది మాత్రం ఆ పొరలోనే. మామూలు కాంక్రీట్ పైన ఒక మిల్లీమీటరు పోతే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఆ మిల్లీమీటరే సరుకు.

కాబట్టి కాపాడుకోవడం అనేది పోసిన రోజునే సగం తేలిపోతుంది. పోసేటప్పుడు పక్కన నిలబడే అవకాశం ఉంటే చూడాల్సింది రంగు పొడి బ్రాండు కంటే ఆ నీళ్ల డబ్బానే. ఎండకు పైన త్వరగా ఆరిపోతుంటే నీళ్లకు బదులు ఆవిరిని ఆపే పలుచటి ద్రావణాలు చిలకరించవచ్చు, గాలికి అడ్డు తెరలు కట్టవచ్చు. క్యూరింగ్, అంటే గట్టిపడేదాకా చెమ్మ ఆరిపోకుండా చూడటం, ఆ విషయంలో కూడా రంగు కాంక్రీట్‌కు కొంచెం పేచీ ఉంది. ప్లాస్టిక్ పట్టా కప్పితే ముడతలు పడిన చోట ఒక ఛాయ, ఆనుకున్న చోట ఇంకో ఛాయ వచ్చి మచ్చలు మచ్చలుగా తేలుతుంది. త్వరగా గట్టిపడటానికి కాల్షియం క్లోరైడ్ కలిపినా రంగు మరకలు పడుతుంది. రంగు కాంక్రీట్‌కు సరిపోయే క్యూరింగ్ ద్రావణం పూయడం మేలు.

గడ్డకట్టినప్పుడు లోపల ఏం జరుగుతుంది

నీరు మంచుగా మారితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఈ ఒక్క వాక్యంతో కథ ముగిసిందనుకుంటారు. నిజానికి సీసాలో నీళ్లు పోసి గడ్డకట్టిస్తే సీసా పగిలినంత సూటిగా కాంక్రీట్ పగలదు. టి.సి. పవర్స్ అనే పరిశోధకుడు 1945లో ఒక ఊహ ప్రతిపాదించాడు: మంచు ఏర్పడుతున్న చోటు నుంచి మిగిలిన నీరు సన్నని గొట్టాల గుండా బయటికి తోసుకుపోతుంది, ఆ తోపుడే సిమెంటు గోడలను చీలుస్తుంది. తర్వాతి ప్రయోగాల్లో, నీరు మంచు నుంచి దూరంగా పోవడమే కాక మంచు వైపుకే లాక్కోబడుతుందని కూడా తేలింది, ఆ పనిలో పవర్స్‌దీ చేయి ఉంది. తన ఊహను తానే సవరించుకోవడం నాకు నచ్చిన సంగతి. మన అవసరానికి తేలేది ఇది: రంధ్రాలు పదింట తొమ్మిది వంతుల కంటే ఎక్కువ నీటితో నిండినప్పుడే ప్రమాదం. సగం నిండిన రంధ్రంలో మంచుకు పెరగడానికి జాగా ఉంటుంది. చూరు కింద నేల పెచ్చులు లేచి, పక్కన ఏమీ కాకపోవడానికి కారణం ఇదే.

దీనికి మందు దొరికిన తీరు చిత్రమైనది. 1930ల్లో అమెరికాలో రోడ్లు వేసినవాళ్లు కొన్ని ముక్కలు మిగతావాటికంటే చలిని బాగా తట్టుకోవడం గమనించారు. ఆ ముక్కలకు వాడిన సిమెంటును నూరేటప్పుడు కొవ్వు పదార్థం కలిసింది. అది సబ్బులా నురగ పెట్టి కాంక్రీట్‌లో లెక్కలేనన్ని సూక్ష్మమైన గాలి బుడగలను వదిలింది. నీటికి తప్పించుకునే గదులు అవే. ఇప్పుడు అదే పని కావాలని చేస్తారు. బయటి నేలలకు మొత్తం పరిమాణంలో సుమారు 5 నుంచి 7 శాతం గాలి ఉండేలా ద్రావణం కలుపుతారు. సిమెంటు ముద్దలో ఏ చోటు నుంచైనా దగ్గరి బుడగకు దూరం సుమారు 0.2 మిల్లీమీటర్లకు మించకూడదు. గాలి ఒక శాతం పెరిగితే కాంక్రీట్ బలం సుమారు 5 శాతం తగ్గుతుంది, అయినా చలి ప్రాంతాల్లో ఆ బేరం లాభమే. ఇనుప తాపీతో పదే పదే రుద్ది అద్దంలా నునుపు తేవాలనుకుంటే మాత్రం పైపొరలోని బుడగలు చచ్చిపోతాయి. బయటి నేలకు అద్దం నునుపు అక్కర్లేదు, చీపురు గీతలు చాలు.

మంచు కరిగించడానికి చల్లే ఉప్పు ఈ కథలో రెండో దొంగ. 1957లో వెర్‌బెక్, క్లీగర్ అనే పరిశోధకులు ఉప్పు వల్ల పెచ్చులు లేవడాన్ని పరీక్షించి ఆశ్చర్యపోయే సంగతి చెప్పారు. చిక్కటి ఉప్పు నీటికంటే 2 నుంచి 4 శాతం పలుచటి ఉప్పు నీరే ఎక్కువ నష్టం చేస్తుంది. ఉప్పు కొంచెమే చల్లాం కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. ఆ తర్వాతి పరిశోధకులు దీనికి ఇచ్చిన వివరణ చాలా అందంగా ఉంటుంది. వెనకటికి గాజు మీద జిగురు పూసి ఆరబెట్టేవారు. జిగురు ముడుచుకుంటూ గాజు పైపొరను రేకులు రేకులుగా పెళ్లగించి పువ్వుల డిజైను మిగిల్చేది. ఇక్కడ ఆ జిగురు పని మంచు చేస్తుంది. చలి పెరిగేకొద్దీ మంచు కాంక్రీట్ కంటే సుమారు అయిదు రెట్లు ఎక్కువగా ముడుచుకుంటుంది. స్వచ్ఛమైన మంచు గట్టిది, పగలకుండా ఆ లాగుడును తట్టుకుంటుంది. మరీ చిక్కటి ఉప్పు నీటి మంచు మెత్తగా ఉంటుంది, లాగే బలమే ఉండదు. మధ్యరకం మంచు మాత్రం పగులుతుంది, పగిలిన చోట కింది పైపొరను పట్టుకుని లేపేస్తుంది. ఆ పైపొరలోనే మన అచ్చు గీతలున్నాయి.

ఆచరణలో దీని అర్థం సూటిగానే ఉంది. కొత్త నేలకు మొదటి చలికాలం ఉప్పు తగలనీయకూడదు. పోసి, క్యూరింగ్ అయ్యాక, కనీసం ఒక నెల గాలికి ఆరాకే చలి మొదలవ్వాలి. శరత్కాలం చివర్లో హడావిడిగా పోయించుకునే నేలలు ఇందుకే మొదటి ఏడాదే దెబ్బతింటాయి. కాలు జారకుండా ఉండటానికి ఇసుక చల్లితే చాలు. మామూలు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల తర్వాత ఎలాగూ సరిగా పనిచేయదు. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉన్న ఎరువులను మంచు కరిగించడానికి వాడేవాళ్లున్నారు. అవి నేరుగా సిమెంటునే తినేస్తాయి, వాటి దరిదాపులకు పోవద్దు. రోడ్డు మీద చల్లిన ఉప్పు కారు చక్రాలకు, మడ్‌గార్డులకు అంటుకుని వచ్చి ఇంట్లో కారు ఆగే చోటే కారుతుంది. ఉప్పు చల్లని ఇంటి ముందు కూడా సరిగ్గా నాలుగు చక్రాల కింద మచ్చలు రావడం అందువల్లే.

ఎండ చేసే పని

వేడి ప్రాంతాల్లో నష్టం నెమ్మదిగా వస్తుంది. కాంక్రీట్ ఒక డిగ్రీకి మీటరుకు సుమారు పది మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. వినడానికి ఏమీ కాదు. కానీ పది మీటర్ల నేల, చలికి వేడికి మధ్య 40 డిగ్రీల తేడా అనుకుంటే నాలుగు మిల్లీమీటర్లు. ముదురు రంగు నేల ఎండలో 60 డిగ్రీలు దాటడం కొత్త కాదు, దాని మీద ఒక్కసారిగా వాన కురిస్తే పైపొర ముడుచుకుని కింది పొర అలాగే ఉండి, సాలెగూడు లాంటి వెంట్రుక పగుళ్లు తేలుతాయి. వీటితో నేల బలానికి పెద్ద నష్టం లేదు. అందానికే నష్టం.

ఉప్పు నేలల్లో మాత్రం ఎండ వేరే ఆట ఆడుతుంది. కింది చెమ్మ సన్నని గొట్టాల గుండా పైకెక్కి, పైకి వచ్చేలోపే ఆవిరవుతుంది. దానిలోని లవణాలు పైపొరకు ఒక వెంట్రుకవాసి కింద స్ఫటికాలుగా పేరుకుంటాయి. సోడియం సల్ఫేట్ ఉంటే మరీ ప్రమాదం. పగటి వేడికి నీరు లేని స్ఫటికంగా, రాత్రి చెమ్మకు నీటిని కలుపుకున్న స్ఫటికంగా మారుతూ దాని పరిమాణం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. చలి ప్రాంతంలో మంచు చేసే పనే ఇది. మంచు ఎరగని చోట కూడా పెచ్చులు ఎందుకు లేస్తాయని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ఇలాంటి చోట పైన ఏం పూశామన్నదానికంటే కింద కంకర పరిచి, మందపాటి పాలిథీన్ పట్టా వేశామా లేదా అన్నదే తేలుస్తుంది.

రంగు వెలిసిపోయిందని బాధపడేవాళ్లకు ఒక చిన్న పరీక్ష. వెలిసిన చోట గుప్పెడు నీళ్లు చల్లి చూడండి. తడి ఉన్నంతసేపు రంగు మొదటి రోజులా ముదురుగా కనిపిస్తే రంగు ఎక్కడికీ పోలేదు. పైన సీలర్ అరిగి కాంతి చెదురుతోంది, లేదా సన్నటి సున్నపు పొర కప్పేసింది. ఎరుపు, పసుపు, గోధుమ ఛాయలు ఇచ్చే ఐరన్ ఆక్సైడ్ రంగులు ఎండకు చెక్కుచెదరవు, అవి అసలే తుప్పుకు బంధువులు. నలుపు విషయంలో జాగ్రత్త. కార్బన్ బ్లాక్ కణాలు మరీ చిన్నవి, వానకు రంధ్రాల్లోంచి కొట్టుకుపోతాయి. నల్ల ఐరన్ ఆక్సైడ్ వాడితే ఆ బాధ ఉండదు. ఎపాక్సీ పూతలు, ఆరోమాటిక్ రకం పాలియురెథేన్ పూతలు ఎండకు పసుపెక్కుతాయి. డబ్బా మీద అలిఫాటిక్ అని ఉన్న రకమే బయట పనికొస్తుంది.

రెయిన్‌కోటు, తామరాకు

సీలర్లు ఎన్ని పేర్లతో ఉన్నా, పనితీరును బట్టి రెండు జాతులు. మొదటిది పైన పొరగా నిలిచేది: యాక్రిలిక్, పాలియురెథేన్, ఎపాక్సీ. నేల మీద రెయిన్‌కోటు వేసినట్టు. మెరుపు, తడి రంగు ఇచ్చేది ఇదే. రెండోది లోపలికి ఇంకేది: సిలేన్, సిలోక్సేన్. వీటి అణువులు రంధ్రాల గోడలకు అతుక్కుని వాటిని తామరాకులా మారుస్తాయి. రంధ్రం తెరిచే ఉంటుంది, నీటి బొట్టు మాత్రం లోపలికి ఎక్కదు. ఆవిరి రూపంలో చెమ్మ బయటికి పోవడానికి అడ్డు ఉండదు. పూసినట్టే కనిపించదు, మెరుపు సున్నా. కొన్నవాళ్లకు మోసపోయామేమో అన్న అనుమానం రావడం సహజం.

రెయిన్‌కోటు వేసుకుని ఎండలో నడిస్తే లోపల ఏమవుతుందో తెలిసిందే. పొరగా నిలిచే సీలర్ పైనుంచి వచ్చే నీటిని బాగానే ఆపుతుంది. కానీ నీరు పైనుంచే రావాలని నియమం లేదు. పక్కన మొక్కల మడి నుంచి, కింద నేల నుంచి, పగులు నుంచి, నేలను గళ్లుగా కోసిన జాయింటు నుంచి వస్తుంది. వచ్చిన నీటికి పైకి దారి లేదు. చలికాలంలో ఆ నీరు సరిగ్గా సీలర్ కింద గడ్డకడుతుంది. మెరుపు తగ్గిందని ఏటా ఒక పొర పూస్తూ పోయిన నేలలే ఇలా పాడవుతాయి. అయిదారు పూతలయ్యేసరికి పొర మందమై, పెళుసై, పెచ్చుగా లేస్తుంది, లేస్తూ కింది రంగును కూడా పట్టుకుపోతుంది. పట్టు సీలర్‌కు సిమెంటు పాల పొరతోనే ఎక్కువ, పాల పొరకు కాంక్రీట్‌తో తక్కువ.

అలాంటప్పుడు అందరూ సిలేన్ పూసుకుంటే పోతుంది కదా అంటే, అంత సులువు కాదు. అచ్చు వేసిన నేలలో గీతల మధ్య కనిపించే ముదురు నీడ, అచ్చు అంటుకోకుండా చల్లిన రెండో రంగు పొడి వల్ల వస్తుంది. ఆ పొడిలో చాలా భాగం కాంక్రీట్‌లో కలవదు, పైన కూర్చుని ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది పొర సీలరే. అది పోతే రెండు వానలకు నీడ కూడా పోతుంది. కాబట్టి నా తీర్పు ఇలా: అచ్చు నీడలున్న నేలకు పలుచటి యాక్రిలిక్, అదీ అరిగాక మాత్రమే, సాధారణంగా రెండు మూడేళ్లకోసారి. మిశ్రమంలోనే రంగు కలిపిన నేలకు, గులకరాళ్లు తేల్చిన నేలకు, చలి ప్రాంతమైతే సిలేన్. దాని వయసు సాధారణంగా అయిదేళ్ల పైమాటే. ఒకసారి యాక్రిలిక్ పూసిన నేలలోకి సిలేన్ ఇంకదు, ముందు పాత పొరను పూర్తిగా తీసేయాలి. కాబట్టి మొదటిసారి ఎంచుకునేటప్పుడే తీరిగ్గా ఆలోచించుకోవడం మంచిది.

పూయాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి క్యాలెండర్ కంటే నీటి బొట్టు నమ్మకమైనది. నేల నాలుగు చోట్ల, ముఖ్యంగా నడిచే దారిలోనూ గోడ పక్కనా, కొంచెం నీరు చల్లి పది నిమిషాలు చూడండి. బొట్లుగా నిలిస్తే పూత ఉంది. మరక ముదురుతూ ఇంకితే అక్కడ పూత పోయింది. గోడ పక్కన బొట్టు నిలిచి, దారిలో ఇంకితే దారికే పూయండి, నేలంతా అక్కర్లేదు. పూసే ముందు లోపలి చెమ్మ కూడా చూడాలి. పొడవూ వెడల్పూ 45 సెంటీమీటర్లున్న పారదర్శక ప్లాస్టిక్ పట్టాను నాలుగు వైపులా టేపుతో అంటించి 16 గంటలు వదిలేయండి. తీసేటప్పుడు లోపలి వైపు ఆవిరి పట్టినా, కింద నేల ముదురు రంగు తిరిగినా ఆ రోజు సీలర్ డబ్బా తెరవొద్దు.

కొత్త నేలకైతే 28 రోజులు ఆగడం వాడుక. పూసేటప్పుడు నేల వేడి 10 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. పొద్దున్నే పూస్తే ఒక ఇబ్బంది ఉంది: ఎండెక్కేకొద్దీ రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పైకి తన్నుకొస్తుంది, ఆరుతున్న పూతలో బుడగలు లేస్తాయి. ఎండ తగ్గి నేల చల్లబడేటప్పుడు పూస్తే గాలి లోపలికి ముడుచుకుంటూ పూతను కూడా లాక్కుంటుంది, కాకపోతే రాత్రి మంచు చెమ్మ పడేలోగా ఆరేంత వ్యవధి ఉండాలి. ఒక మందపాటి పూత కంటే రెండు పలుచటి పూతలు ఎప్పుడూ మేలు. పొర సీలర్ పూసిన నేల తడిస్తే సబ్బు రాసినట్టు జారుతుంది. వాలు దారులకు, మెట్లకు రెండో పూతలో సన్నని ప్లాస్టిక్ రజను కలిపి పూయాలి. పిల్లలు, పెద్దవాళ్లు తిరిగే ఇంట్లో ఈ రజను మెరుపు కంటే ముఖ్యం.

తెల్లదనం ఎక్కడిది?

పూసిన కొన్నాళ్లకు నేల పాలు ఒలికినట్టు తెల్లబారడం ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. దీని వెనక రెండు వేర్వేరు కారణాలుంటాయి, వాటి మందులు కూడా వేర్వేరు. ఒకటి, సీలర్ లోపల చెమ్మో గాలో చిక్కి, కాంతిని చెదరగొడుతోంది. రెండు, కాంక్రీట్‌లోని సున్నం నీటితో పైకి వచ్చి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి కాల్షియం కార్బనేట్‌గా పేరుకుంది. ఉప్పు పూసిందని మనం అనేది ఇదే. ద్రావకంతో చేసిన యాక్రిలిక్ అయితే తేల్చుకోవడం తేలిక: మూలన అరచేయంత చోట గుడ్డతో కాస్త జైలీన్ (ఆ పూతను కరిగించే ద్రావకం) అద్దండి. తెలుపు పోయి, ఆరాక కూడా తిరిగి రాకపోతే దోషం సీలర్‌ది, మిగతా చోటకూ జైలీన్ పట్టించి రోలర్‌తో సర్దితే పాత పొర మళ్లీ కరిగి అతుక్కుంటుంది. ఆరాక తెలుపు మళ్లీ తేలితే అది కింది ఉప్పు. జైలీన్ ఇట్టే అంటుకుంటుంది, ఆవిరి తల తిప్పుతుంది. నిప్పు, సిగరెట్ దగ్గరికి రానీయకుండా, ముక్కుకు తగిన మాస్కుతో చేయాల్సిన పని.

పూత లేని నేల మీద ఉప్పును ముందు పొడిగానే గట్టి బ్రష్‌తో రుద్ది ఊడ్చేయాలి. నీళ్లతో కడిగితే కరిగినంత మేర తిరిగి లోపలికే పోతుంది. అప్పటికీ పోకపోతే పలుచటి వెనిగర్. హైడ్రోక్లోరిక్ యాసిడ్ మాట చివరిది. వాడక తప్పకపోతే ఎప్పుడూ నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. అది ఉప్పుతో పాటు రంగును పట్టి ఉంచిన సిమెంటును కూడా తింటుంది, శుభ్రపడిన చోటు చుట్టుపక్కల కంటే పాలిపోయి కొత్త మరకగా మిగులుతుంది. ఎరువులోని ఇనుము రేణువులు, ఇనుప కుర్చీల కాళ్లు వదిలే తుప్పు మచ్చలకు ఆగ్జాలిక్ యాసిడ్ ఉన్న క్లీనర్ పనికొస్తుంది. రాలిన ఆకులను తడిసి కుళ్లేదాకా వదలకుండా ఊడ్చేస్తే వాటి మరకల బాధే ఉండదు. ప్రెషర్ వాషర్ వాడేవాళ్లు ధార సూదిలా వచ్చే నాజిల్‌ను తీసి పక్కన పడేయాలి. విసనకర్రలా విచ్చుకునే ధారతో, దూరం నుంచి కడగాలి. మంచు తోసే పారకు ఇనుప అంచు కంటే ప్లాస్టిక్ అంచు మేలు, అచ్చు ఎత్తుల మీద ఇనుము గీసిన గీత ఎప్పటికీ పోదు.

నీటిని పక్కకు పంపడం

నీరు నిలవకుండా ఉండాలంటే నేల వాటం మీటరుకు రెండు సెంటీమీటర్లు ఉండాలి, ఇంటి వైపు నుంచి బయటికి. పోశాక వాటం మార్చలేం. కానీ చూరు గొట్టం చివరకు ఒక మీటరు పొడిగింపు తగిలించి నీటిని నేల దాటించవచ్చు. మొక్కల మడిలోని మట్టి, కాంక్రీట్ నేల అంచు కంటే పైకి లేస్తే చెక్కేయవచ్చు. స్ప్రింక్లర్ ముఖం తిప్పవచ్చు. ఎన్ని డబ్బాల సీలర్ కంటే కూడా ఈ గొట్టం ముక్క ఎక్కువ పని చేస్తుంది.

నేలను గళ్లుగా కోసిన జాయింట్లు మరో దారి. కాంక్రీట్ ఎండుతూ ముడుచుకుంటుంది, మూడు మీటర్లకు ఒకటిన్నర మిల్లీమీటర్ల వరకు. పగులు తప్పదు కాబట్టి మనం గీసిన చోట పగలమని చెప్పడమే జాయింటు. పది సెంటీమీటర్ల మందం నేలకు రెండున్నర నుంచి మూడు మీటర్లకొకటి, మందంలో పావు వంతు లోతున ఉండాలి. రాతి డిజైను చెడుతుందని కొందరు ఈ గీతలను వద్దంటారు. అప్పుడు కాంక్రీట్ తనకు నచ్చిన డిజైను తానే గీసుకుంటుంది. గోడను, స్తంభాన్ని తాకే చోట పూర్తి లోతున మెత్తటి పట్టీ ఉండాలి, లేకుంటే ఎండకు పెరిగిన నేల గోడను తోస్తుంది. జాయింటులోకి గులకరాళ్లు దిగినా ఇదే గతి, అందుకే ఏడాదికోసారి ఊది శుభ్రం చేసి, నురగ తాడు దూర్చి, పైన సాగే పాలియురెథేన్ సీలెంట్ నింపాలి. పగుళ్లకు కూడా అదే. పగులులో సిమెంటు ముద్ద కూరితే అది సాగదు, నేల కదలిన మొదటి సీజన్‌కే పక్కన ఇంకో పగులు వస్తుంది. ఏటా కాస్త కాస్త వెడల్పవుతూ ఒక వైపు ఎత్తు పెరుగుతున్న పగులుకు పైన మందు లేదు. కింద మట్టి తడిసి ఉబ్బుతోంది, లేదా గడ్డకట్టి లేస్తోంది. మళ్లీ నీటి దగ్గరికే రావాలి.

పెచ్చులు లేచాక మిగిలేది ఎంతవరకు బాగుచేయవచ్చో లెక్కించుకోవడం. సుత్తి వెనక భాగంతో నేలంతా తట్టుకుంటూ వెళ్లండి. ఖంగుమంటే గట్టిది. డబ్బా మోత వచ్చిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గుర్తులు పైపొరలో అక్కడక్కడా ఉంటే బలహీనమైన పొరను గీకేసి సన్నటి పాలిమర్ పూత వేసి మళ్లీ రంగు ఇవ్వవచ్చు. అదీ కిందది గట్టిగా ఉంటేనే నిలుస్తుంది. గుర్తులు గడి నిండా ఉంటే ఆ గడిని జాయింటు నుంచి జాయింటు దాకా పూర్తిగా కోసి తీసి కొత్తగా పోయాలి. మధ్యలో ముక్క అతికితే అతుకు అంచే ముందు పగులుతుంది. అదే రంగు పొడి, అదే మోతాదు వాడినా కొత్త గడి పాతవాటితో వెంటనే కలవదు. ఎండకు, వానకు, కాళ్లకు పాతబడి పక్కవాటిలో కలవడానికి దానికి కొన్ని సీజన్లు కావాలి.